మార్కుల కాగితం
(పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘ భవనంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనందరికీ పండుగ రోజు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారాగారి కేసులో తీర్పు చెప్పింది. పింఛను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు సారాంశం. ఇలాంటి రోజున కరువు భత్యం బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడితే సభ రక్తి కడుతుంది. కాని మన కార్యదర్శిగారు నా దగ్గరకు వచ్చి, "బకాయిల సంగతి మేం చూసుకుంటాం, మీరు నాటకాల మనిషి గదా, కళ గురించి ఒక అరగంట చెప్పండి. మంచిదేదో, కానిదేదో ఎలా పోల్చుకోవాలో కూడా చెప్పండి" అన్నారు. కాదనలేక ఒప్పుకున్నాను. ఒప్పుకున్న దగ్గర్నుంచి నిద్ర లేదు.

నేను 1973లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరి, 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. 35 సంవత్సరాలు నోట్ ఫైలు రాసిన చెయ్యి ఇది. కళాశాస్త్రం చదవలేదు. నాకు కాస్తో కూస్తో తెలిసినది పద్యనాటకం ఒక్కటే. కనుక దాని గురించే చెబుతాను. చిత్రలేఖనం, శిల్పం మొదలైనవాటి జోలికి పోను. నేను చెప్పబోయే వాటిలో నేను చేసిన పొరపాటు ఒకటుంది. అది 30 సంవత్సరాలుగా నా దగ్గరే ఉంది. ఇంట్లో కూడా చెప్పలేదు.

ముందుగా నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. నా చిన్నతనంలో, అంటే 1950ల చివర, 60ల మొదట, మా వైపు కాంట్రాక్టు నాటకాలు ఆడేవారు. ఇప్పటి వారికి ఆ మాట తెలియకపోవచ్చు. కాంట్రాక్టరు పేరున్న నటులందరినీ ఒకే రాత్రికి కుదుర్చుకొచ్చేవాడు. ఒకే నాటకంలో ఇద్దరు కృష్ణులు, ముగ్గురు అర్జునులు ఉండేవారు. ఒక రంగంలో ఒక కృష్ణుడు, మరో రంగంలో మరో కృష్ణుడు. కృష్ణుడి ఒడ్డూ పొడుగూ మారిపోయినా జనానికి అభ్యంతరం ఉండేది కాదు. జనం కథకు రారు, పద్యానికి వస్తారు. స్టేజీ మధ్య ఒక మైకు వేలాడుతూ ఉండేది. ఎవరి పద్యం వస్తే వారు సరిగ్గా దాని కిందకు వచ్చి నిలబడేవారు. రాగం బాగుంటే "వన్స్ మోర్" అని కేకలు. చచ్చిపోయిన పాత్ర కూడా లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయిన రోజులవి.

ఆ కాలంలోనే జనంలో రెండు పక్షాలుండేవి. షణ్ముఖి ఆంజనేయరాజుగారి కృష్ణుడి గాత్రమాధుర్యానికి ప్రాణమిచ్చేవారు ఒక పక్షం. పీసపాటి నరసింహమూర్తిగారి కృష్ణుడు రాగం తగ్గించి మాటను వినిపిస్తాడని, ఆయన పద్యం చెబుతుంటే ఎదురుగా సభ కనిపిస్తుందని అనేవారు మరో పక్షం. మా నాన్నగారు మొదటి పక్షం, మా మేనమామ రెండో పక్షం. మా ఇంట్లో భోజనాల దగ్గర ఈ తగాదా తెగేది కాదు. నేను మా నాన్నగారి పక్షమే. పదేళ్ల పిల్లవాడికి రాగం తెలుస్తుందిగాని, రాయబారం ఏం తెలుస్తుంది?

ఉద్యోగంలో చేరాక మా తాలూకా ఆఫీసు ఎన్జీవోలు ఏటా ఒక నాటకం వేసేవారు. ఆఫీసు అయ్యాక ఆరింటి నుంచి రికార్డు రూములో రిహార్సలు. చుట్టూ ఫసలీలవారీగా అడంగళ్ల కట్టలు. ఒక కట్ట మీద హార్మోనియం. నా గొంతు అప్పటికి ఎవరికీ తెలియదు కనుక నాకు ప్రాంప్టరు ఉద్యోగం ఇచ్చారు. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, పుస్తకం మీద వేలు పెట్టుకుని, నటుడు తడబడిన చోట మాట అందించడం. ఆరేళ్లు ఆ పని చేశాను. ఆ ఆరేళ్లలో నాకు రెండు అబ్బాయి. ఒకటి, నాటకాలన్నీ కంఠతా వచ్చేశాయి. రెండు, నటుడు ఆగితే మరచిపోయినట్టే అనే నమ్మకం నెత్తురులో కలిసిపోయింది. ప్రాంప్టరుకు నిశ్శబ్దం అంటే ప్రమాదం. గుమాస్తాకు ఖాళీ గడి ఎలాంటిదో, ప్రాంప్టరుకు నిశ్శబ్దం అలాంటిది. కనబడితే పూరించాలి. ఈ సంగతి దయచేసి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1979లో నాకు కృష్ణ వేషం వచ్చింది. వేయవలసిన ఆయనకు బదిలీ అయింది, పద్యాలన్నీ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. తిరుపతి వేంకట కవులు రాసిన పాండవ నాటకాల్లో రాయబార ఘట్టం మీ అందరికీ తెలిసినదే. నేను మూడు నెలలు సాధన చేశాను. పెదవి కదిలేటప్పటికి రాగం రావాలి, రాగం వచ్చేటప్పటికి చప్పట్లు రావాలి అని పట్టుదల. వచ్చాయి కూడా. రెండు పద్యాలకు వన్స్ మోర్ కొట్టారు. తహశీల్దారుగారు దండ వేశారు. ఇంటికి వెళుతుంటే మా ఆఫీసు అటెండరు, వయసులో పెద్దవాడు, నా పెట్టె మోసుకొస్తూ అన్నాడు: "రాగం బలే ఉందయ్యగారూ. ఇంతకీ కృష్ణుడు సంధికొచ్చాడా, యుద్ధానికొచ్చాడా?"

నాకు కోపం వచ్చింది. వీడికేం తెలుసు అనుకున్నాను. వారం రోజుల తర్వాత ఒంటరిగా కూర్చుని పద్యాలన్నీ రాగం లేకుండా చదువుకుంటే, అటెండరు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదని తేలింది. ఆ ఘట్టంలో కృష్ణుడి మాట ఒక్కొక్కటీ రెండువైపులా పదును ఉన్న మాట. సంధి కోరుతున్నట్టే ఉంటుంది, హెచ్చరిస్తున్నట్టూ ఉంటుంది. అదే అందులోని అందం. నేను రాగం తీసిన చోటల్లా ఆ పదునును పందిరి కప్పినట్టు కప్పేశాను.

ఇక్కడ పద్యం కట్టడం గురించి ఒక్క మాట చెప్పాలి. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం, ఈ వృత్తాల్లో పాదం ముగిసిన చోట మాట కూడా ముగియాలన్న నియమం లేదు. మాట సగం ఈ పాదం చివర ఉంటుంది, సగం తరువాతి పాదం మొదట ఉంటుంది. పాడేవాడికి పాదం చివర రాగం తీయడం అనువు, ఊపిరి తీసుకోవడానికీ అనువు. అందుచేత ‘రాజు’ అనే మాటలో ‘రా’ దగ్గర ఆగి, అరనిమిషం ఆకాశంలో తిరిగి వచ్చి, అప్పుడు ‘జు’ అంటాడు. ఆ అరనిమిషంలో రాజు ఏమైపోయాడో దేవుడికే తెలియాలి. మంచి నటుడు ఊపిరిని అర్థం ఆగిన చోట తీసుకుంటాడు. అందుకోసం ఒక్కోసారి రెండు పాదాలు ఒకే ఊపిరిలో లాగాలి. అది కష్టం. పొట్ట కండరాలు నొప్పి పుడతాయి. నటులలో నూటికి తొంభైమంది ఆ కష్టం పడరు. నేనూ పడలేదు. తర్వాత తర్వాత కొంత నేర్చుకున్నాను. అటెండరు చనిపోయేవరకు ప్రతి ఏటా నాటకం అయ్యాక ఆయన మాట కోసం చూసేవాణ్ణి. ఒక్కసారి మాత్రం, "ఈసారి తెలిసిందయ్యగారూ" అన్నాడు. నాకు వచ్చిన షీల్డుల్లో సగం ఎక్కడున్నాయో తెలియదుగాని, ఆ మాట మాత్రం ఉంది.

చప్పట్లు కొలత కాదని దీనివల్ల అనడం లేదు. చప్పట్లు దేనికి కొట్టారో చూసుకోవాలి అంటున్నాను. నేను ఒక హాస్య నాటిక కూడా రాశాను. పెండింగు ఫైళ్ల మీద. ఎన్జీవో హోములో వేస్తే హాలు దద్దరిల్లింది. అందులోని సూపరింటెండెంటు పాత్ర నడక అచ్చం మా ఆఫీసులో ఒకాయన నడకలా ఉండడం వల్ల నవ్వారు. పక్క జిల్లాలో వేస్తే ఒక్కడూ నవ్వలేదు. అక్కడి వారికి ఆయన తెలియదు. ఆ నాటిక రాతప్రతి ఎక్కడుందో నేను వెతకడం లేదు. మీరూ వెతకవద్దు.

గురజాడ అప్పారావుగారి సంగతి చూడండి. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు. జనం మెచ్చారు. 1897లో పుస్తకం వచ్చింది. అక్కడితో సంతోషించి ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. దాన్ని తిరగరాసి, పెంచి, 1909లో రెండో కూర్పు వేయించారు. మనం ఇవాళ కన్యాశుల్కం అని చదువుకునేది ఆ రెండో కూర్పునే. మొదటిదాన్ని మెచ్చినవాళ్లు రెండోది అడగలేదు. అడిగినది ఆయన లోపలి మనిషి. మన బోటివాళ్లకు లోపలి మనిషి అంత గట్టిగా మాట్లాడడు, అందుకని అటెండర్లు కావాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

1994లో ఒక ఊళ్లో పద్యనాటక పోటీలు పెట్టారు. ఊరి పేరు, పరిషత్తు పేరు అనవసరం. న్యాయనిర్ణేతలుగా ముగ్గురిని పిలిచారు. ఒకరు సంస్కృతం లెక్చరరు, ఒకరు హార్మోనిస్టు, మూడోవాణ్ణి నేను. నన్నెందుకు పిలిచారంటే నాటకాలు కంఠతా వచ్చు, లెక్కల్లో పొరపాటు చేయడు అని. మాకు అచ్చువేసిన కాగితాలు ఇచ్చారు. గాత్రం 20, శ్రుతిలయలు 20, ఉచ్చారణ 20, అభినయం 20, వేషధారణ 10, సమయపాలన 10, మొత్తం 100. చివర ‘రిమార్కులు’ అని ఒక గడి. ఆ కాగితం చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. గళ్లున్న కాగితం దొరికితే మనకు ఇంకేం కావాలి?

అన్నీ హరిశ్చంద్ర కాటి సీనులే వచ్చాయి. పోటీల్లో మామూలే. బలిజేపల్లి లక్ష్మీకాంత కవిగారి నాటకం. ఆ కాటి సీనులో గుర్రం జాషువాగారి శ్మశానవాటి పద్యాలు కలిపి పాడడం ఆంధ్రదేశమంతటా అలవాటు. అవి నాటకకర్త రాసినవి కావు, వేరే కవి వేరే సందర్భంలో రాసుకున్న ఖండిక. లెక్చరరుగారు మొదటి రోజే అభ్యంతరం లేవదీశారు. "మూలంలో లేని పద్యం పాడితే మార్కులు కోయాలి" అన్నారు. హార్మోనిస్టు నవ్వి, "ఆ పద్యాలు తీసేస్తే జనం మనల్ని కాట్లో పెడతారు" అన్నాడు. నాకూ హార్మోనిస్టు మాటే సరిగా తోచింది, ఇప్పటికీ తోస్తోంది. కాటి కాపరిగా నిలబడ్డ రాజు నోట, చావు దగ్గర గొప్పా బీదా అందరూ ఒకటే అనే మాట వినిపించాలని జనం అనుకున్నారు. ఆ మాట అంటరానితనం బాధ స్వయంగా పడిన జాషువాగారి దగ్గర దొరికింది, తెచ్చుకున్నారు. నాటకం దాన్ని కలుపుకుంది. ఏ నియమావళీ ఇవ్వని అనుమతి అది. లెక్చరరుగారు చివరకు, "సరే, మీ ఇష్టం" అన్నారుగాని, ఆయన కాగితంలో ఏం రాసుకున్నారో నేను చూడలేదు.

రెండో రోజు రాత్రి పదకొండు దాటాక ఒక పల్లెటూరి సమాజం వచ్చింది. హరిశ్చంద్రుడు రైసుమిల్లులో బస్తాలు మోసే మనిషి. నలభై ఏళ్లు ఉంటాయి. మేకప్పు సరిగా లేదు, తలకు కట్టిన గుడ్డ జారుతోంది. గొంతు బొంగురు. శ్రుతి కింద నిలబడడమే లేదు. నేను మొదటి పద్యానికే శ్రుతి గడిలో 7 వేశాను. తరువాత చంద్రమతి వచ్చింది. లోహితాస్యుడి శవం. కాటి సుంకం అడిగాడు. ఆమె లేదంది. మెడలో మంగళసూత్రం ఉంది గదా అన్నాడు. ఆ సూత్రం భర్తకు తప్ప పరులకు కనిపించదు. అక్కడ ఆమె నా భర్త అని గుర్తుపడుతుంది, అతను నా భార్య, నా కొడుకు అని గుర్తుపడతాడు. అందరూ అక్కడే అందుకుంటారు పద్యం. హార్మోనియం అతను శ్రుతి ఇచ్చాడు. ఈయన నోరు తెరవలేదు. మళ్లీ ఇచ్చాడు. తెరవలేదు. భుజం మీది కర్ర కిందకు దించాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటు చూశాడు, ఇటు చూశాడు. మళ్లీ భుజం మీదే పెట్టుకున్నాడు. మూడోసారి శ్రుతి ఇచ్చారు. నా పెదవుల మీద ఆ పద్యం మొదటి మాట ఆడుతోంది. నేను న్యాయనిర్ణేతను కాకపోతే ఖాయంగా అందించేవాణ్ణి. చివరకు ఆయన పద్యం అందుకున్నాడు. పాడలేదు, సగం మాటలాగా చెప్పాడు. మధ్యలో గొంతు తెగింది. రాగం లేదు. చప్పట్లు లేవు. వేరుశనక్కాయలు అమ్ముకునేవాడు బుట్ట నెత్తిన పెట్టుకోబోతూ, సగంలో అలాగే ఆగిపోయి ఉన్నాడు. అది నేను చూశాను. చూసి, కాగితం మీదకు వంగి, రిమార్కుల గడిలో "పద్యము మరచినాడు" అని రాశాను.

గాత్రం 9, శ్రుతిలయలు 7, ఉచ్చారణ 12, అభినయం 11, వేషధారణ 5, సమయపాలన 4. మొత్తం 48. అభినయంలో 11 ఎందుకంటే, మరచిపోయిన నటుడికి అంతకంటె వేయకూడదని. ఆ రోజు మొదటి బహుమతి వచ్చిన హరిశ్చంద్రుడికి నేను వేసినవి 82. అతను చాలా బాగా పాడాడు. బాగా పాడాడని నా కాగితంలో ఉంది కనుక చెబుతున్నాను. అతని ముఖం నాకు గుర్తు లేదు.

ఫలితాలు చెప్పాక ఆ మిల్లు మనిషి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చేతులు కట్టుకుని, "నా తప్పేంటో చెప్పండి బాబుగారూ, దిద్దుకుంటాను" అన్నాడు. నాకు ముచ్చట వేసింది. ఓడినవాళ్లు సాధారణంగా తిట్టి పోతారు, అడగరు. "శ్రుతి నిలవడం లేదు. ఎవరైనా మాస్టారి దగ్గర ఆరు నెలలు కూర్చో. పైగా అక్కడ పద్యం మరచిపోయావు" అన్నాను.

"మరవలేదండి. పెళ్లాన్ని గుర్తుపట్టినాక వెంటనే పాటెలా వస్తదండి?"

ఈ మాట విన్నప్పుడు నాలో ఏదో కదిలింది. కదలలేదని చెబితే అబద్ధం. కాని చేతిలో కాగితం ఉంది, సంతకం అయిపోయింది, ఫలితం మైకులో చెప్పేశారు. "అది సరేగాని, పోటీలో టైము కూడా చూసుకోవాలి గదా" అన్నాను. ఆయన తలూపి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఒక పార్టీ న్యాయమైన విజ్ఞప్తి పెట్టుకుంటే, రూల్సు ఒప్పుకోవు అని చెప్పి పంపడంలో మనకున్న అనుభవం తక్కువది కాదు. అదే గొంతుతో చెప్పాను.

మరుసటి సంవత్సరం అదే పోటీలు, మేం అదే ముగ్గురం. ఆ సమాజం మళ్లీ వచ్చింది. ఆయన నిజంగానే మాస్టారి దగ్గర కూర్చున్నాడు. మిల్లు పని అయ్యాక రోజూ ఆరు మైళ్లు సైకిలు మీద వెళ్లి నేర్చుకున్నాడట. గొంతు నునుపు తేలింది. శ్రుతి నిలిచింది. తలగుడ్డ జారలేదు. మంగళసూత్రం మాట రాగానే, హార్మోనియం శ్రుతి అందీ అందకముందే, మైకు కిందకు వచ్చి నిలబడి పద్యం ఎత్తుకున్నాడు. పాదం చివర రాగం. మాట విరిగింది. జనం చప్పట్లు కొట్టారు. వన్స్ మోర్ అన్నారు. మళ్లీ పాడాడు. చంద్రమతి వేషం వేసినామె శవం పక్కన కూర్చుని, ఆయన ఎప్పుడు ముగిస్తాడా అని చూస్తోంది.

నేను కాగితం నింపాను. గాత్రం 15, శ్రుతిలయలు 15, ఉచ్చారణ 15, అభినయం 13, వేషధారణ 7, సమయపాలన 9. మొత్తం 74. రెండో బహుమతి వచ్చింది. ఏ గడిలోనూ నేను అబద్ధం వేయలేదు. కిందటి ఏడాది కంటె ప్రతి గడిలోనూ ఆయన మెరుగే. మొత్తం మాత్రం తప్పు. కూడికలో తప్పు లేదు, మూడుసార్లు సరిచూశాను.

ఆయన షీల్డు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, వద్దంటున్నా వినకుండా నా కాళ్లకు దణ్ణం పెట్టాడు. "మీరు చెప్పినట్టే చేశానండి" అన్నాడు. నేను "సంతోషం" అన్నాను. కిందటి ఏడాదిదే బాగుందయ్యా అని చెప్పవలసింది. చెప్పలేకపోయాను. ఏడాదిపాటు సైకిలు తొక్కినవాడికి, షీల్డు చేతిలో ఉండగా, ఆ మాట ఎలా చెబుతారు? చెప్పకుండా ఎలా ఉంటారు? ఈ రెండు ప్రశ్నలకీ ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి బస్సులో లెక్చరరుగారు నా పక్కన కూర్చున్నారు. నేను ఉండబట్టలేక సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి చూసి, "మన కాగితంలో ఒక కాలమ్ తక్కువండీ" అన్నారు. భరతుడు అభినయం నాలుగు విధాలన్నాడట. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. మొదటి మూడూ మన కాగితంలో ఏదో ఒక పేరుతో ఉన్నాయి. నాలుగోది లేదు. సాత్త్విక భావాలు ఎనిమిది. అందులో స్తంభం ఒకటి, అంటే కొయ్యబారిపోవడం. స్వరభేదం ఒకటి, అంటే గొంతు తెగిపోవడం. "కిందటేడు అతను చేసినవి ఆ రెండే. మనం ఆ రెంటికే మార్కులు కోశాం" అన్నారు. "మరి మీరెందుకు చెప్పలేదండీ?" అన్నాను. "నాకూ ఇప్పుడే తట్టింది" అన్నారు. ఆయన 25 సంవత్సరాలుగా ఆ పాఠం చెబుతున్న మనిషి.

అయితే ఇందులో ఒక చిక్కుంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. నాలుగో కాలమ్ పెట్టేసి 20 మార్కులు వేస్తే సరిపోతుందా? మరుసటి ఏడాది నుంచి ప్రతి హరిశ్చంద్రుడూ కర్ర దించి, అటూ ఇటూ చూసి, గొంతు తెగ్గోసుకుంటాడు. దానికీ ఒక మాస్టారు పుడతాడు. అలాగని మనసులో బాధ ఉంటే చాలు, సాధన అక్కర్లేదనే మాట కూడా నేను ఒప్పుకోను. వరకట్నం మీద మా సహోద్యోగి ఒకాయన నాటకం రాసి, రాసినంతసేపూ ఏడ్చి, ఆడినంతసేపూ ఏడ్చాడు. చూసిన మేం గడియారం చూసుకున్నాం. ఆయన బాధ నిజమే, నాటకం నిజం కాలేదు. మిల్లు మనిషి సంగతి వేరు. ఆయన ఏడవలేదు. ఆ కర్రను ఏం చేయాలో తెలియకపోవడం అనేది ఆయన ఎక్కడో చూసి, కనిపెట్టి, అక్కడ తెచ్చి పెట్టాడు. అది కూడా సాధనే. మాస్టారి దగ్గర దొరికే సాధన కాదు. నేను దాన్ని చూసి గుర్తుపట్టి, "ఇది ఉంచుకో, శ్రుతి మాత్రం దిద్దుకో" అని ఉంటే రెండూ నిలిచేవి. అంతే చెప్పవలసింది. రెండు ముక్కలు.

అప్పటి నుంచి నేను న్యాయనిర్ణేతగా వెళ్లలేదని కొందరు అనుకుంటున్నారు. వెళ్లాను, ఇంకా పదిసార్లు వెళ్లాను. మానుకుంటే గొప్పగా ఉండేదేమోగాని, నేను మానకపోతే ఆ కుర్చీలో కూర్చునేవాడు నాకంటె తెలివైనవాడని నమ్మకం ఏముంది? పద్ధతి మాత్రం మార్చుకున్నాను. నాటకం నడుస్తుండగా కలం పట్టను. అయిపోయాక, తెర పడ్డాక, కళ్లు మూసుకుని ఏం మిగిలిందో చూసుకుంటాను. ఒక్కొక్కసారి ఏమీ మిగలదు. అప్పుడు అన్నీ మర్యాదగా గళ్లలో నింపుతాను. ఏదైనా మిగిలితే ముందు దాన్ని రిమార్కుల్లో రాసి, తరువాత గళ్లు నింపుతాను. ఫలితాలు పెద్దగా మారలేదు. ముగ్గురిలో నేనొక్కణ్ణి. ఓడినవాడు వచ్చి అడిగితే మాత్రం ఏది బాగుందో ముందు చెబుతాను. తప్పులు చెప్పడానికి హార్మోనిస్టులు ఉంటారు.

మిల్లు మనిషి ఆ తరువాత రెండేళ్లు పోటీలకు వచ్చినట్టు విన్నాను. షీల్డులు ఇంకా వచ్చాయట. ఆ మీదట కబురు తెలియదు.

మనలో ఎవరూ నకలు ఉంచుకోకుండా సంతకం చేయరు. 1994 నాటి మార్కుల కాగితం కార్బన్ కాపీ నా ట్రంకు పెట్టెలో ఉంది. ఈ ప్రసంగం కోసం తీశాను. నీలం రంగు వెలిసిపోయింది, అక్షరాలు కనబడుతున్నాయి. "పద్యము మరచినాడు" అన్నదాన్ని మొన్న ఎర్రసిరాతో కొట్టివేసి, పక్కన పొట్టి సంతకం, తేదీ వేశాను. సర్వీసులో ఉండగా ఇలా వెనక తేదీ కాగితం దిద్దితే మెమో ఇచ్చేవారు. ఇప్పుడు ఇచ్చేవారెవరూ లేరు.

చివరగా ఒక్క సమాచారం చెప్పి ముగిస్తాను. సంక్రాంతికి మన సంఘం తరఫున హరిశ్చంద్ర కాటి సీను వేస్తున్నారు. మన సభ్యుల పిల్లలు, మనవలు వేస్తున్నారు. రిహార్సలు రోజూ సాయంత్రం ఐదింటికి ఈ హాల్లోనే. నాకు మళ్లీ ప్రాంప్టరు ఉద్యోగమే ఇచ్చారు. నిన్న ఆ మంగళసూత్రం మాట దగ్గర మన హరిశ్చంద్రుడు ఆగాడు. ఇంజనీరింగు చదివే కుర్రవాడు, గొంతు బాగుంటుంది. హార్మోనియం శ్రుతి ఇచ్చింది. వాడు నిలబడే ఉన్నాడు. నా వేలు పద్యం మొదటి మాట మీద ఉంది, నోట్లో మాట ఉంది. నేను అందించలేదు. రెండోసారి శ్రుతి ఇచ్చారు. గుండె దడదడలాడుతున్నా ఊరుకున్నాను. మూడోసారికి వాడు నా వైపు తిరిగి, "తాతగారూ, పుస్తకం చేతిలో పెట్టుకుని నిద్రపోతున్నారా? మరచిపోయాను, అందించండి" అన్నాడు.

అందించాను.